భరిణె ఆగని గడపలు

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నాకు కప్పిన శాలువా ఒక్కటే. మిగతావన్నీ మెమోలే. ఆ ఒక్క శాలువా భుజం మీద ఉండగానే నేను చేసిన పెద్ద తప్పు కూడా ఎదురుగా వచ్చి నిలబడింది. ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన ఆడపిల్లలు నలుగురు ఆమధ్య మా ఇంటికొచ్చి, "మేడమ్, మీ అనుభవం ఏదైనా చెప్పండి" అన్నారు. వాళ్ళు శాలువా కథ చెబుతాననుకున్నారు. నేను తప్పు కథ చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను.

నేను హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరైంది ధర్మవరం చుట్టుపక్కల ఒక మగ్గాల ఊళ్ళో. పేరు చెప్పను. చెబితే ఆ ఊరి ఆడవాళ్ళు బస్సెక్కి వచ్చి మరీ నాతో పోట్లాడతారు. ఏ వీధిలోకి పోయినా మగ్గం చప్పుడు వినిపించే ఊరు. వానలు ముఖం చాటేసిన ఏడు చుట్టుపక్కల పల్లెల్లో సెనక్కాయ పంట ఎండిపోతే, ఆ రైతుల ఆడవాళ్ళు కూడా ఈ ఊరికే వచ్చి మగ్గాల దగ్గర పనికి కుదురుకునేవాళ్ళు.

రిటైరవడానికి రెండేళ్ళ ముందు మా ఆరోగ్య కేంద్రంలో ఆడవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ పరీక్షల శిబిరం పెట్టాం. ఆటోకు మైకు కట్టి మూడు రోజులు ఊరంతా తిప్పాం. ఆటో వీధిలోకి వస్తే తలుపులు మూసుకున్నారు. మా ఊళ్ళో ఆ మాటను పైకి అనరు. "ఆ జబ్బు" అంటారు, అదీ గొంతు తగ్గించి. అలాంటి మాటను మేం మైకులో అరిపించాం. వచ్చిన వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులోనూ సగం మంది మా స్టాఫే. అప్పుడే కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, చిన్న పిల్ల, సాయంత్రం దాకా ఖాళీ కుర్చీలను చూస్తూ కూర్చుంది. నాకు కోపమొచ్చింది. కోపం నాకు సులభంగా వస్తుంది, మా స్టాఫ్‌ను ఎవరిని అడిగినా చెబుతారు.

మరుసటి ఏడాది ఒక పట్టుచీరల వ్యాపారి మా దగ్గరకొచ్చాడు. ఆయన భార్య ఆ జబ్బుతోనే పోయింది. ఏడాది పాటు గడ్డ సంగతి మొగుడికి కూడా చెప్పలేదట.

"నాతో చెప్పేదానికి సిగ్గుపడిందమ్మా" అన్నాడాయన. "ముప్పై ఏండ్లు కాపురం చేసినాము. ఎట్ల సిగ్గుపడిందో నాకు ఇప్పటికీ అర్థం కాల్యా."

ఆయన ఆలోచన ఏమిటంటే, ఆసుపత్రిలో కాకుండా పార్కులో పెడదాం, జాతర మాదిరి చేద్దాం. తినుబండారాల అంగళ్ళు పెట్టి, ఆయన ఇచ్చే పట్టుచీర వేలం వేసి, వచ్చిన దుడ్లతో బెంగుళూరుకు వైద్యానికి పోయే వాళ్ళకు దారి ఖర్చులు, అక్కడ ఉండేదానికి గది చూద్దాం. ఒక మూల ఆడవాళ్ళకు మాత్రమే ఒక గుడారం. జాతరకొచ్చినట్టు వస్తారు, గుడారంలోకి పోయి పరీక్ష చేయించుకుని పోతారు.

"వస్తారా?" అంది డాక్టరమ్మ నా వైపు చూసి.

అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "బొట్టు పెట్టి పిలుద్దాం" అన్నాను.

మీకు తెలియని సంగతేం కాదు. పెళ్ళికైనా, పేరు పెట్టే రోజుకైనా ఇంటికి పోయి బొట్టు పెట్టి "రండమ్మా" అని పిలిస్తేనే మన ఆడవాళ్ళు కదులుతారు. కార్డు పంపితే చాలదు, ఫోను చేస్తే అసలే చాలదు. అలా పిలవలేదని మూడు తరాలు మాటలు మానుకున్న ఇళ్ళు నాకు తెలుసు. అదే బొట్టు పెట్టి పిలిస్తే, రాకపోవడం వాళ్ళకు తప్పు. ఇంత తెలివైన ఉపాయం జిల్లాలో ఎవరికీ తట్టలేదని నేను లోలోపల ఉబ్బిపోయాను. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది కూడా.

ఆశా కార్యకర్తలను ఇద్దరిద్దరుగా జతలు కట్టి వీధులు పంచాను. మొదటి రోజు నేనే ఒక వీధికి పోయాను. నాతో వచ్చింది అందరిలోకీ పాత ఆశా. ఇరవై ఏళ్ళుగా నాతో పనిచేసిన మనిషి, నన్ను అక్కా అంటుంది, అవసరమైతే నన్ను తిడుతుంది. ఆమె కుంకుమ భరిణె పట్టుకుంది. నేను జాబితా పట్టుకున్నాను. మా ఆయన పోయి అప్పటికి ఆరేళ్ళు. ఉద్యోగానికి పోతూ నుదుట చిన్న స్టిక్కర్ పెట్టుకునేదాన్ని, ఎందుకు పెట్టుకున్నావని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అయినా భరిణె మాత్రం నా చేతిలోకి రాలేదు. ఇవ్వమని నేనూ అడగలేదు.

ఆ వీధిలో ప్రతి ఇంట్లో నవ్వుతూ నుదురు ముందుకు వంచారు. "ఆదివారం పార్కుకు రండమ్మా, డాక్టరమ్మ వస్తాది, అంతా ఆడోళ్ళే" అని చెబితే, "ఏం చీర కట్టుకోవల్ల?" అని అడిగిన వాళ్ళున్నారు. ఒక గడపలో ఒకామె రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కండెలు చుడుతోంది. మేం వస్తుంటే తలెత్తి చూసి, దారికి అడ్డమని కాళ్ళు వెనక్కి ముడుచుకుంది. నేను ఆమెను చూసి నవ్వాను, ఆగకుండా ముందుకు పోయాం. ఆమె పక్కింట్లో బొట్టు పెట్టాం.

నాకు అప్పుడు ఏ తేడా తోచలేదు. అదీ నా తప్పు. తెలిసి చేసి ఉంటే ఇంత బాధపడే దాన్ని కాదేమో.

ఆదివారం వచ్చింది. పార్కంటే పెద్దగా ఊహించుకోకండి. మా ఎండలకు గడ్డి చాప రంగుకు తిరిగింది, నాలుగు కానుగ చెట్లు, నీళ్ళు లేని ఫౌంటెన్. కానీ ఆ రోజు ఆ పార్కును మీరు చూసి ఉండాల్సింది. పొద్దున తొమ్మిదికల్లా పట్టుచీరలే పట్టుచీరలు. పెళ్ళికి వచ్చినట్టు తలల్లో కనకాంబరాలు పెట్టుకుని వచ్చారు. ఒక పక్క ఒగ్గాని బజ్జీలు, ఒక పక్క వేడి వేడి ఓళిగలు. గుడారం ముందు వరుస పార్కు గేటు దాకా పోయింది. డాక్టరమ్మ తల బయటపెట్టి నాకేసి చూసి నవ్వి మళ్ళీ లోపలికి పోయింది. పోయిన ఏడాది ఖాళీ కుర్చీలు గుర్తొచ్చి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మధ్యాహ్నం వేలం పాట అయ్యాక వ్యాపారి నన్ను వేదిక మీదకు పిలిచి శాలువా కప్పాడు. "ఈమె లేకపోతే ఇంతమంది వచ్చేవాళ్ళు కాదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆ శాలువా తీయకుండానే అటూ ఇటూ తిరిగాను. ఎండ మండుతున్నా తీయబుద్ధి కాలేదు, దాచుకోవడమెందుకు.

అంతలో ఓళిగల అంగడి నుంచి ప్లేట్లు అయిపోయాయని కబురొచ్చింది. నేను అంగడి వెనక్కి పోయాను. అక్కడ ఎంగిలి ప్లేట్లు గుట్టగా పడి ఉన్నాయి. కడిగే ఆమె గుడారం వైపు చూస్తూ కూర్చుంది.

"ఏమ్మా, ప్లేట్లు ఈడ కుప్ప పడితే నువ్వు దిక్కులు చూస్తాండావా?" అన్నాను.

"కడుగుతాండా నర్సమ్మా" అని చేతులు నీళ్ళలో పెట్టింది.

అప్పుడు గుర్తుపట్టాను. కండెలు చుట్టే ఆమె. కండెలు చుడితే రెండు రోజులకు వచ్చే కూలి ఇక్కడ ఒక్క రోజులో వస్తుందని, ఓళిగల అంగడి వాళ్ళు రమ్మంటే వచ్చిందట.

"గుడారంలోకి పోయొచ్చినావా?" అన్నాను.

"లేదు."

"ఏంటికి పోలేదు? ఊరంతా వచ్చినారు గదా."

"నన్ను పిలవలేదు గదమ్మా."

నాకు మళ్ళీ కోపం. "పిలవకుండా ఎట్లుంటాము? మీ వీధికి నేనే వచ్చినా."

"వచ్చినారు. చూసినా" అంది ఆమె, ప్లేటు తోముతూనే. "ఆ పక్కింటామెకు పెడితిరి, ఈ పక్కింటామెకు పెడితిరి. పసుపు కుంకాల పని గదా, నాకెందుకు పెడతారులే అనుకొంటి."

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఉన్న సంగతి చెప్పింది, అంతే. ఆమె భర్త పోయి పదేళ్ళు దాటిందని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"మరి గుడారం దిక్కు ఏంటికి చూస్తాండావు?"

"ఊరికే" అంది. కానీ తడిచేయి పమిట కిందికి, చంక దగ్గరకు పోయింది. ముప్పై ఏళ్ళ పైన ఆడవాళ్ళ మధ్య పనిచేశాను. ఆ చేయి అక్కడికి ఊరికే పోదని నాకు తెలుసు.

"ఎన్ని నెల్లయింది?" అన్నాను, పక్కన కూర్చుని.

"శివరాత్రికి ముందర. అప్పుడు సెనక్కాయ గింజంత ఉండె. నొప్పేం లేదులే." అని తన బొటనవేలి కొస చూపించింది. "ఇప్పుడు ఇంతుండాది."

అప్పటికి దసరా దాటింది.

"లెయ్. గుడారానికి పోదాం."

"నేను రాను నర్సమ్మా. వాళ్ళంతా పట్టుచీరలు కట్టుకొని శుభకార్యానికి వచ్చినట్టు వచ్చినారు. వాళ్ళకు ఎదురు పోయి నిలబడితే బాగుండదు. ఇంకొక రోజు ఆసుపత్రికి వస్తాలే."

ఆ ఇంకొక రోజు ఎప్పటికీ రాదు. తొమ్మిది నెలలుగా రాలేదు.

నేను లేచి నేరుగా పాత ఆశా దగ్గరకు పోయాను. ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆమె మీద పడ్డాను. "ఆ కండెలామె ఇంటికి ఏంటికి పోలేదే నువ్వు?" అని నలుగురిలో అరిచాను.

ఆమె నివ్వెరపోయింది. "భరిణె పట్టుకొని ఆ ఇంటికి ఎట్ల పోతారక్కా? బొట్టు పెట్టకుండా పక్కింటికి పెడితే ఒక బాధ, పోయి పెట్టబోతే ఇంకొక బాధ. ఆయమ్మ మనసు నొస్తాదని తల వంచుకొని వచ్చేస్తి." ఆగి, చిన్న గొంతుతో అంది. "నువ్వు నా వెనకాలే ఉంటివి గదక్కా. నువ్వన్నా చెప్పల్ల గదా. అంతెందుకు, భరిణె నువ్వేంటికి పట్టుకోల్యా?"

అనేశాక ఆమే భయపడి నోటి మీద చేయి పెట్టుకుంది. మనసు నొప్పించకూడదనే మంచితనంతో ఆమె, చూస్తూ కూడా గమనించక నేను, ఇద్దరం ఆ గడప దాటేశాం. తక్కిన జతలూ అంతే చేసి ఉంటాయి. ఊళ్ళో మొగుడు లేని ఆడది ఒక్కతి కూడా ఆ రోజు వరుసలో లేదు. తిరిగి చూస్తే నాకు కనిపించిన నిజం అది.

మళ్ళీ అంగడి వెనక్కి పోయాను. "నాకూ ఆయన లేడు" అన్నాను కండెలామెతో. "పొద్దుట్నుంచి ఆ పట్టుచీరల నడుమే తిరుగుతాండా. ఎవురన్నా ఏమన్నా అనిరా?"

"మీరు ఉద్యోగస్తులు. పని మీద తిరుగుతాండారు" అంది. నా ముఖంలోకి చూసి అడిగింది, "మీరు చూపించుకొంటిరా?"

చెప్పేవి శ్రీరంగ నీతులు అని మా అమ్మ నన్ను చూసి సామెత సగమే అనేది. ఊరంతటికీ పరీక్ష చేయించుకోమని చెప్పిన నేను ఏనాడూ చేయించుకోలేదు. ఆమె అడిగేదాకా ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"లేదు" అన్నాను. "నన్ను కూడా ఎవురూ పిలవలేదు. ఒక్కదాన్నే పోవాలంటే భయంగా ఉండాది. తోడు వస్తావా?"

భయమని ఆమెను ఒప్పించడానికి అన్నాననుకోకండి. ఆ క్షణాన నిజంగానే భయమేసింది. ఆమె చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. నా వెనకే వచ్చిన పాత ఆశా ఆమె లేచిన చోట కూర్చుని ప్లేట్లు అందుకుంది. "పోండక్కా, నేను కడుగుతా" అంది.

శాలువా తీసి ఆశా ఒడిలో పడేసి, వరుస చివర నిలబడ్డాం. మా ముందున్న ముసలామె వెనక్కి తిరిగి చూసి, చీర అంచు పక్కకు లాక్కుని దూరంగా పోయి నిలబడింది. నేను నోరు తెరవబోయాను. కండెలామె నా చేయి నొక్కింది. అంతలో ఆ ముసలామెకు ముందు నిలబడ్డ ఇంకొకామె, కండెలామె పక్కింటామే, నవ్వుతూ వెనక్కి వచ్చింది. "వచ్చినావా అత్తా? నిన్ను రమ్మని అడగల్లని శానా అనుకొంటి. ఏమనుకొంటావో అని ఊరకుంటి" అని ఆమె భుజం మీద చేయి వేసి తన ముందు నిలబెట్టుకుంది. అడిగే ధైర్యం లేక ఊరంతా ఊరకున్న మనుషులమే మేమంతా.

లోపల డాక్టరమ్మ ముందు నన్ను చూసింది. నాకేమీ లేదంది. తరువాత కండెలామెను పడుకోబెట్టింది. పార్కంతా మైకు మోగుతున్నా, ఆ పరదా లోపల మాకేమీ వినపడలేదు. డాక్టరమ్మ రెండుసార్లు, మూడుసార్లు చూసింది. చంక కింద నొక్కి చూసింది. నా వైపు తలెత్తినప్పుడు ఆమె ముఖంలో పొద్దుటి నవ్వు లేదు.

"రేపే అనంతపురం పోవాలమ్మా. ముక్క తీసి పరీక్షకు పంపాలి" అంది.

"రేపు కండెలు ఇయ్యల్ల" అంది ఆమె.

"కండెలు నేను చుట్టిస్తా" అన్నాను. నాకు రాట్నం తిప్పడం కూడా రాదు.

మీరు దిగులు పడకుండా ముందే చెప్పేస్తాను. ఆమె బతికింది. ఆ రోజు పార్కులో వచ్చిన దుడ్లతో బెంగుళూరు బస్సెక్కిన మొదటి మనిషి ఆమే. ఆపరేషన్ అయింది, జుట్టు ఊడింది, మళ్ళీ వచ్చింది. ఇప్పటికీ కండెలు చుడుతోంది. కానీ ఈ కథ అక్కడ ఆపితే నాకు మళ్ళీ శాలువా కప్పుతారు.

సోమవారం పొద్దున నేను కేంద్రానికి పోయి మా పాత రిజిస్టర్లు తీశాను. గర్భిణులు, బాలింతలు, పిల్లలు, బిడ్డల్ని కనే వయసున్న దంపతులు. మా పనంతా ఆ పేజీల్లోనే ఉండేది. పదేళ్ళ కిందటి పేజీలో ఆమె పేరు దొరికింది. దాని మీద ఎర్ర గీత ఉంది. భర్త చనిపోయాడు అని పక్కన రాసి ఉంది. ఆ రాత నాదే. ఆ గీత కొట్టాక ఏ రిజిస్టర్లోనూ ఆమె లేదు. బొట్టు సంగతి తరువాత, మా కాగితాల్లో కూడా మేం ఆమె గడప దాటేశాం. ఎర్ర గీతలన్నీ ఏరి ఒక కొత్త జాబితా రాశాను. చేయి నొప్పి పుట్టింది.

ఆ ఇళ్ళకు ఉత్త చేతులతో పోయాం. అనంతపురంలో ముక్క తీయించుకుని వచ్చిన మూడో రోజు, ఇంకా ఫలితం రాకముందే, కండెలామె మాతో వస్తానంది. "మీరు పిలిస్తే రారు. నేను పిలుస్తా" అంది. ఆమె ముందు నడిచింది, నేనూ ఆశా వెనక నడిచాం. గడప దగ్గర ఆగి, "నేను చూపించుకొన్నా. నువ్వూ రా" అనేది. అంతే. చాలామంది పరీక్షకు కేంద్రానికి వచ్చారు.

మూడో వీధి చివర ఒక చిన్న గది. అందులో అరవై దాటిన ఒకామె మంచం మీద ఉంది. పార్కుకు ఆ గది కూతవేటు దూరం. మేం ఎందుకొచ్చామో చెప్పగానే రవిక ముడి విప్పి చూపించింది. గడ్డ కాదు, పుండు. ఎప్పటిదో. ఆశా ముఖం తిప్పుకుంది.

"మీ ఇంటికి రావడం మరిచిపోయినామమ్మా. తప్పయింది" అన్నాను.

"మరిచిపోయేదానికి ముందు గుర్తుండల్ల గదా తల్లీ" అంది ఆమె. ఎత్తిపొడుపు కాదు, నన్ను ఓదార్చినట్టే అంది. "ఆదివారం మైకు వినపడింది. మీరు పాటలు బాగా పెట్టినారు." లేవబోయి లేవలేక, కుండ వైపు చూపించి, "ఎండన బడి వచ్చినారు, నీళ్ళు తాగండి" అంది.

తాగాం. డాక్టరమ్మ అదే సాయంత్రం వచ్చి చూసింది. నొప్పి తగ్గే మందులు తప్ప చేయగలిగింది ఏమీ లేకపోయింది. నెలన్నర బతికింది. చివరి రోజుల్లో రోజూ పోయి కట్టు మార్చాను. ప్రతిసారీ ఆ కుండ వైపు చూపించి నీళ్ళు తాగించింది.

ఆ మొదటి రోజు ఆ గదిలోంచి బయటికొచ్చాక నేను వీధి అరుగు మీద కూలబడిపోయాను. ఉద్యోగంలో అందరి ముందూ ఎప్పుడూ ఏడవని దాన్ని, ఏడ్చాను. ఆశా కొంగుతో నా ముఖం తుడిచింది. కండెలామె నా ఒళ్ళో ఉన్న జాబితా తీసుకుంది. చదవడం రాదు ఆమెకు. ఆ ఎర్ర గీతల పేర్ల మీద వేలు పెట్టి, నా వైపు వంగి అడిగింది.

"తరవాతి ఇల్లు యాడుండాది నర్సమ్మా?"